సైకిల్, రైలు, నగరం: చిక్కంతా అతుకుల దగ్గరే

నగరం చివర ఇల్లు, నడిబొడ్డున పని, మధ్యలో ముప్పై కిలోమీటర్లు. అంత దూరం రోజూ సైకిల్ తొక్కడం చాలామంది వల్ల కాదు. రైలుకు అది అరగంట పని. కానీ రైలు ఇంటి గుమ్మంలో ఎక్కించుకోదు, ఆఫీసు మెట్ల దగ్గర దించదు. అటు రెండు కిలోమీటర్లు, ఇటు మూడు కిలోమీటర్లు మిగిలిపోతాయి. నడిస్తే ఆలస్యం, బస్సు కోసం నిలబడితే ఇంకా ఆలస్యం. ఆ ముక్కలకు సైకిల్ సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద ఇంత కుదిరిన జోడీ ఇంకోటి ఉండదు. తీరా సైకిల్‌తో స్టేషన్‌కు వెళ్తే మాత్రం చాలా చోట్ల మొదట వినిపించే మాట "కుదరదు" అనే.

ముందు లెక్క చూద్దాం. మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడిస్తే 12 నిమిషాల్లో ఒక కిలోమీటరు వెళ్తాడు. నింపాదిగా తొక్కినా సైకిల్ గంటకు 15 కిలోమీటర్లు పోతుంది, అంటే అదే 12 నిమిషాల్లో 3 కిలోమీటర్లు. దూరం మూడింతలే. కానీ స్టేషన్ చుట్టూ గుండ్రంగా గీత గీస్తే వైశాల్యం తొమ్మిదింతలవుతుంది. నడిచేవారికి 3 చదరపు కిలోమీటర్లు అందితే, సైకిల్ ఉన్నవారికి 28. వీధుల వంపుల వల్ల రెండు అంకెలూ కొంత తగ్గుతాయి గానీ నిష్పత్తి పెద్దగా మారదు. కొత్తగా ఒక్క మీటరు పట్టా వేయకుండానే ఒక స్టేషన్ తొమ్మిది స్టేషన్ల మేర జనానికి అందుబాటులోకి వస్తుందన్నమాట. నెదర్లాండ్స్‌లో రైలెక్కే ప్రతి పదిమందిలో నలుగురికి పైగా ఇంటి నుంచి స్టేషన్‌కు సైకిల్ మీదే వస్తారు. అక్కడి రైళ్లు కిటకిటలాడడానికి ఇదీ ఒక కారణం.

ఇంత లాభం ఉన్నప్పుడు మరి అడ్డేమిటి? పట్టా మీద పరిగెత్తే రైల్లో ఒక మూల నిలబెట్టిన సైకిల్ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఖాళీ రోడ్డు మీద తిన్నగా పోయే సైకిల్‌కూ పెద్దగా ప్రమాదం లేదు. ఒకదాని నుంచి ఇంకొకదానికి మారే చోటే తంటా. రైలుకు ఆ చోటు తలుపు. నగరానికి కూడలి. ఈ ప్రయాణం గురించిన నియమాలు, గొడవలు, జాగ్రత్తలు దాదాపు అన్నీ ఈ రెండు అతుకుల చుట్టూనే తిరుగుతాయి.

తలుపు దగ్గర ముప్పై సెకన్లు

సైకిళ్లను ఎందుకు వద్దంటారని అడిగితే రైల్వేలు సాధారణంగా "చోటు లేదు" అంటాయి. అందులో అబద్ధం లేదు. మామూలు సైకిల్ పొడవు 1.8 మీటర్లు, హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లకు పైనే. అంటే నేల మీద ఒక చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. రద్దీ వేళ అదే చదరపు మీటరులో నలుగురు నిలబడతారు. ఒక్కరి సైకిల్ కోసం నలుగురిని ప్లాట్‌ఫామ్ మీద వదిలేయడం ఏ రైలుకైనా కష్టమే.

కానీ చోటు కంటే పెద్ద సమస్య సమయం, దాని గురించే తక్కువ మాట్లాడతారు. నగర రైళ్లు స్టేషన్‌లో ఆగేది అటూ ఇటూగా అర నిమిషం. ఆ కాసేపట్లో దిగేవారు దిగాలి, ఎక్కేవారు ఎక్కాలి. అప్పుడు తలుపులో ఒక సైకిల్ అడ్డం తిరిగి, పెడల్ ఎవరి బ్యాగు పట్టీకో తగులుకుంటే పది సెకన్లు పోతాయి. పది సెకన్లే కదా అనిపిస్తుంది. పదిహేను స్టేషన్లలో అదే జరిగితే రెండున్నర నిమిషాలు. మూడు నిమిషాలకో రైలు నడిచే మార్గంలో ఆ ఆలస్యం వెనక రైలును దాదాపు ఆపేసినంత పని చేస్తుంది. దాని వెనక రైలు కూడా ఆగుతుంది. బోగీ సగం ఖాళీగా ఉన్నా సిబ్బంది సైకిల్‌ను చూసి ముఖం చిట్లించడానికి అసలు కారణం ఇదే.

అందుకే చాలా రైల్వేలు గడియారం చూసి నియమాలు పెట్టాయి. నెదర్లాండ్స్‌లో పనిదినాల్లో ఉదయం 6:30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6:30 వరకు మామూలు సైకిల్‌ను రైలెక్కించనివ్వరు. జులై, ఆగస్టు సెలవుల్లో రద్దీ తగ్గుతుంది కాబట్టి ఈ నిషేధం ఉండదు. మిగతా వేళల్లో సైకిల్‌కు విడిగా టికెట్ కొనాలి. సైకిళ్ల దేశమని పేరుపడ్డ చోట ఇంత కట్టడి ఏమిటని ఆశ్చర్యం కలగవచ్చు. సైకిళ్లు అంతగా ఉన్నందుకే కట్టడి. అందరూ వెంట తెచ్చుకుంటే రైల్లో మనుషులకు చోటుండదు.

కోపెన్‌హాగన్ ఇంకో దారి పట్టింది. 2010లో అక్కడి నగర రైళ్లు సైకిల్ టికెట్ రద్దు చేశాయి. ఉచితమన్న మాట వినిపించగానే సైకిల్‌తో ఎక్కేవారు ఎన్నో రెట్లు పెరిగారు. దానికి తగ్గట్టు బోగీల్లో విడిగా చోటు చేసి, చక్రాలు నిలబెట్టే ఏర్పాట్లు పెట్టారు. ఆ ఉదారతకూ ఒక హద్దుంది. జనం అతిగా ఉండే నారెపోర్ట్ భూగర్భ స్టేషన్‌లో రద్దీ వేళ సైకిల్‌తో ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు. రైల్లో సైకిల్ ఉండొచ్చు, ఆ ఒక్క స్టేషన్ తలుపు మాత్రం దాటకూడదు. చిక్కు చోటుది కాదు, తలుపుది అనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే నగరాల మధ్య నడిచే కాల్‌ట్రెయిన్ సైకిళ్ల కోసం ప్రత్యేక బోగీలు పెట్టింది. అక్కడ సైకిళ్లను ఒకదాని మీద ఒకటి ఆనించి పెడతారు. అలా పెడితే ముందు దిగేవాడి సైకిల్ అడుగున ఇరుక్కుపోతుంది కదా? దీనికి ఉపాయం ఒక చిన్న చీటీ. దిగే స్టేషన్ పేరు దాని మీద రాసి సైకిల్‌కు కడతారు. వచ్చినవాళ్లు ఆ చీటీలు చదివి, తమకంటే దూరం పోయే సైకిల్ చూసుకుని దానికి తమది ఆనిస్తారు. అంత చిక్కూ ఒక అట్టముక్కతో తేలిపోయింది.

దూరప్రయాణపు రైళ్లు ఈ విషయంలో చాలాకాలం మొండిగా ఉన్నాయి. జర్మనీ వేగపు రైళ్లలో సైకిళ్లకు చోటన్నది 2017లో వచ్చిన ఐసీఈ 4 రకంతోనే నిజంగా మొదలైంది, అదీ రైలుకు ఎనిమిది. యూరోపియన్ యూనియన్ 2021లో చేసిన ప్రయాణికుల హక్కుల నియమావళి ప్రకారం, కొత్తగా కొనే రైళ్లలో, భారీగా మరమ్మతు చేసే రైళ్లలో కనీసం నాలుగు సైకిళ్లకు చోటుండాలి. ఈ షరతు 2025 జూన్ నుంచి అమలులో ఉంది. వందల మంది ఎక్కే రైల్లో నాలుగంటే ఏ మూలకు? అయినా, "దయతలిస్తే" ఎక్కించుకునే పరిస్థితి పోయి, చోటు అడిగి తీసుకునే పరిస్థితి వచ్చింది.

ఎక్కేవారి చేతుల్లో ఉన్నది కొంచెమే గానీ అది బాగా పనిచేస్తుంది. సైకిల్ బోగీ రైలుకు ముందుంటుందా, నడుమనా, చివరనా అన్నది ముందే తెలుసుకుని ప్లాట్‌ఫామ్ మీద అక్కడే నిలబడితే, రైలు వచ్చాక జనంలోంచి తోసుకుంటూ పరిగెత్తే అవస్థ తప్పుతుంది. క్యారియర్‌కు తగిలించిన సంచులు రైలు రాకముందే విప్పి భుజాన వేసుకోవాలి. వాటి వల్లే వెడల్పు రెట్టింపవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు చైను లేని వైపు శరీరానికి ఆనేలా పట్టుకుంటే బట్టలకు గ్రీజు అంటదు. లోపల సైకిల్‌ను ఆనించాక, బ్రేక్ లీవరును హ్యాండిల్‌తో కలిపి గట్టి రబ్బరు బ్యాండ్ వేస్తే రైలు కుదిపినా చక్రం దొర్లదు. రూపాయి ఖర్చు లేని పని. ఇది తెలియక ఎంతోమంది ప్రయాణమంతా ఒక చేత్తో సైకిల్, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని ఊగుతూ ఉంటారు.

మడిచి పట్టుకెళ్లడం, వదిలి వెళ్లడం

తలుపు సమస్యను అసలు పుట్టనివ్వకుండా చేసే దారి ఒకటుంది: సైకిల్‌ను సైకిల్‌లా కనిపించకుండా చేయడం. లండన్‌లో 1975 ప్రాంతంలో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు బ్రాంప్టన్ అనే మడత సైకిల్‌ను రూపొందించాడు. పదహారు అంగుళాల చక్రాలు. మడిస్తే దాదాపు 60 సెంటీమీటర్ల పొడవు, అంతే ఎత్తు, 27 సెంటీమీటర్ల మందం. నేల మీద ఆక్రమించేది చదరపు మీటరులో ఆరో వంతు, అంటే ఒక పెద్ద సూట్‌కేసుతో సమానం. చైను మడతల మధ్యకు పోతుంది, పక్కవారి ప్యాంటుకు అంటదు. చాలా రైల్వేలు మడిచిన సైకిల్‌ను మామూలు సామానుగానే లెక్కిస్తాయి. టికెట్ లేదు, వేళల నిషేధం లేదు. లండన్ భూగర్భ రైలు లోతైన సొరంగ మార్గాల్లో మామూలు సైకిల్‌ను ఏ వేళలోనూ రానివ్వరు, మడిచినదైతే రానిస్తారు.

దీని ధర వేరే చోట చెల్లించాలి. చిన్న చక్రం గుంతలో లోతుగా దిగుతుంది, ప్రతి గతుకూ చేతులకు తెలుస్తుంది. పదకొండు పన్నెండు కిలోల బరువు మోసుకుంటూ మూడు అంతస్తుల మెట్లెక్కితే ఆ చక్కని ఇంజనీరింగ్ మీద ప్రేమ కాస్త తగ్గుతుంది కూడా. జపాన్‌లో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ మామూలు సైకిల్‌కే చక్రాలు ఊడదీసి, మొత్తాన్ని ఒక సంచిలో పెట్టి రైలెక్కిస్తారు. దాన్ని రింకో అంటారు. సంచిలోంచి హ్యాండిల్ గానీ చక్రం గానీ బయటికి కనబడకూడదు. అలవాటున్నవారికి అది పది నిమిషాల పని. సెలవు ప్రయాణాలకు బాగుంటుంది, రోజూ ఆఫీసుకు వెళ్లేవాడు పొద్దున్నే చక్రాలు ఊడదీస్తూ కూర్చోలేడు.

రోజూ తిరిగేవారికి అన్నిటికంటే తెలివైన పని సైకిల్‌ను రైలెక్కించకపోవడం. వినడానికి వింతగా ఉన్నా, సైకిల్‌ను రైలుతో అందరికంటే బాగా కలిపిన దేశం చేసింది అదే. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే పార్కింగ్ 2019లో పూర్తయింది. మొదటి 24 గంటలు ఉచితం. ఆమ్‌స్టర్‌డామ్ ప్రధాన స్టేషన్ ముందు నీటి అడుగున 7,000 సైకిళ్ల పార్కింగ్ 2023లో తెరిచారు. ఇంటి నుంచి వచ్చినవారు సైకిల్‌ను అక్కడ వదిలి చేతులూపుకుంటూ రైలెక్కుతారు. దిగిన చోట ఓవీ-ఫీట్స్ అనే అద్దె సైకిల్ దొరుకుతుంది. అద్దె సైకిల్ వద్దనుకున్నవారు దిగే స్టేషన్‌లో రెండో సైకిల్ ఉంచుకుంటారు. పాతది, తుప్పుపట్టినది, పోయినా ఏడవనక్కర్లేనిది. వెంట తీసుకెళ్లడం అనేది కొత్త ఊరు చూడబోయేవారికి, సెలవుల్లో దూరం తొక్కేవారికి మిగులుతుంది. దొంగతనాలు ఎక్కువగా ఉండి, కాపలా ఉన్న పార్కింగ్ లేని చోట మాత్రం ఈ సలహా చెల్లదు. అక్కడ మడత సైకిలే శరణ్యం.

బ్యాటరీ సైకిళ్లది మరో కథ. బరువు ఇరవై కిలోలు దాటుతుంది కాబట్టి మెట్ల మీద మోయలేరు. దానికి తోడు లిథియం బ్యాటరీ మంటల భయం. ఇంటి దగ్గర విడి భాగాలతో మార్పులు చేసిన బ్యాటరీలు ఎక్కువ ప్రమాదకరం, కానీ గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి ఏది కంపెనీదో ఏది మార్చినదో చూసి చెప్పలేడు. లండన్ రవాణా సంస్థ 2025 మార్చి చివర నుంచి మడత పడని బ్యాటరీ సైకిళ్లను తన రైళ్లలో చాలావరకు నిషేధించింది.

స్టేషన్ బయట

చాలా నగరాల్లో ప్రధాన స్టేషన్ ముందున్న రోడ్డే నగరంలోకెల్లా గజిబిజి రోడ్డు. టాక్సీలు హఠాత్తుగా ఆగుతాయి, బస్సులు అడ్డంగా తిరుగుతాయి, పెట్టె లాగుతూ ఫోన్ చూస్తూ మనుషులు రోడ్డు దాటుతారు. రైలు దిగిన మనిషికి దిక్కులు ఇంకా కుదరకముందే ఈ రోడ్డు ఎదురవుతుంది. మొదటి రెండు వందల మీటర్లు సైకిల్‌ను నడిపించుకుంటూ పోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఆ తర్వాత కొత్తవారికి ఉండే భయం వెనక నుంచి ఏ బండి గుద్దుతుందోనని. ఆ భయంతో రోడ్డు అంచుకు, ఆగి ఉన్న కార్లకు రాసుకుంటూ పోతారు. నగర వీధిలో అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఆగిన కారు తలుపు తెరుచుకుంటే దాదాపు మీటరు మేర దారి మూసుకుపోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు పోతాం. తలుపు కదిలిందని కన్ను చూసి చెయ్యి బ్రేక్ నొక్కేలోపే ఆ దూరం అయిపోతుంది. అందుకే ఆగి ఉన్న కార్లకు కనీసం మీటరు దూరంలో, తిన్నగా పోవాలి. కార్ల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా లోపలికి దూరి మళ్లీ బయటికి రావడం ఇంకా చెడ్డది. వెనక వచ్చే డ్రైవరుకు సైకిల్ ఒకసారి మాయమై, ఒకసారి ఊడిపడుతుంది. బ్రిటన్ రోడ్డు నియమావళిలో 2022 జనవరిలో చేసిన మార్పులు కూడా ఇదే చెబుతున్నాయి. ఇరుకు వీధుల్లో సైకిల్ వరుస మధ్యలో పోవచ్చు, కారులోనివారు తలుపుకు దూరంగా ఉన్న చేత్తో తెరవాలి. అలా తెరిస్తే ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి వెళ్తుంది. ఒక అలవాటు మారితే అద్దం పని కూడా చేసిపెడుతుందన్నమాట.

ఇక కూడలి. సైకిల్ తిన్నగా పోతుంటే పక్కనున్న లారీ అంచు వైపు తిరగడం నగరాల్లో మరీ ఘోరమైన ప్రమాదాలకు కారణం. పొడవైన బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపు మొదట్లో లారీకీ అంచుకూ మధ్య రెండు మీటర్ల ఖాళీ కనిపిస్తుంది. మలుపు సగంలో అదేమీ మిగలదు. పైగా ఎత్తైన సీట్లో కూర్చున్న డ్రైవరుకు ఆ మూల కనబడదు. క్యాబిన్‌లోంచి నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి లారీలకు స్టార్ రేటింగ్ ఇచ్చే పద్ధతిని లండన్ 2021లో అమలు చేసింది, 2024 అక్టోబరులో దాన్ని ఇంకా కఠినం చేసింది. సిగ్నల్ దగ్గర ఆగిన లారీ పక్కన ఖాళీ ఎంత ఊరించినా దూరకూడదు, వెనకే ఆగాలి. ఈ వ్యాసంలో ఒక్క జాగ్రత్తే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోవాలి.

రోడ్డు మధ్యకు వచ్చి తిరగాల్సిన మలుపు సంగతి వేరు. మూడు వరుసలు దాటి మధ్యకు రావడానికి ధైర్యం చాలకపోతే రెండు విడతల్లో దాటవచ్చు. ముందు కూడలి దాటి ఎదుటి మూల ఆగాలి, సైకిల్‌ను వెళ్లాల్సిన దిక్కుకు తిప్పి, ఆ వైపు పచ్చ లైటు పడ్డాక వెళ్లాలి. కోపెన్‌హాగన్‌లో సైకిల్ తొక్కేవారందరూ ఇలాగే తిరుగుతారు. నిమిషం ఆలస్యమవుతుంది, గుండెదడ మాత్రం ఉండదు.

సైకిల్‌వాళ్లు ఎర్ర లైటు పట్టించుకోరన్న ఫిర్యాదు ప్రతి నగరంలోనూ ఉంది. దాని వెనక కొంత భౌతికశాస్త్రం ఉంది. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుంటే, 20 కిలోమీటర్ల వేగానికి రావడానికి సుమారు 1,300 జౌళ్ల శక్తి కావాలి. అదే శక్తితో చదును రోడ్డు మీద, అదే వేగంతో, 80, 90 మీటర్లు పోవచ్చు. పూర్తిగా ఆగిన ప్రతిసారీ అంత దూరం అదనంగా తొక్కినట్టే. కారు డ్రైవరు కాలి బొటనవేలితో తీర్చేసే ఈ ఖర్చు సైకిల్‌వాడు తొడలతో తీర్చాలి. అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982లోనే ఈ సంగతి చట్టంలోకి ఎక్కించింది. స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ పూర్తిగా ఆగనక్కర్లేదు, అటూ ఇటూ చూసి, దారి ఇవ్వాల్సినవారికి ఇచ్చి పోవచ్చు. కోపెన్‌హాగన్‌లో నారెబ్రో వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్‌కు వరుసగా పచ్చ లైట్లు పడేలా సిగ్నళ్లు కుదిర్చారు. చట్టం ఒప్పుకోని చోట ఎర్ర లైటు దాటడాన్ని ఈ లెక్క సమర్థించదు. ఆ కోరిక బలం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం చెబుతుంది.

ట్రామ్ ఉన్న నగరాల్లో పట్టాల గాడి సైకిల్ టైరును మింగేంత వెడల్పుంటుంది. దాన్ని అడ్డంగా, వీలైనంత లంబంగా దాటాలి. వాన పడ్డప్పుడు తడి ఇనుము మీద బ్రేక్ గానీ మలుపు గానీ వద్దు. మ్యాన్‌హోల్ మూతలకూ ఇదే మాట.

సైకిళ్లు పెరిగేకొద్దీ ఒక్కో సైకిల్‌కు ప్రమాదం తగ్గుతుందని పీటర్ జేకబ్సన్ 2003లో ఒక పరిశోధనా పత్రంలో చూపాడు. అతని లెక్కలో నడిచేవారు, తొక్కేవారు రెట్టింపైతే గాయాలు రెట్టింపు కావు, మూడో వంతు మాత్రమే పెరుగుతాయి. డ్రైవర్ల కళ్లు సైకిళ్లకు అలవాటు పడడం ఒక కారణం కావచ్చు. కానీ దారులు బాగుపడ్డ చోటే జనం సైకిళ్లు బయటికి తీస్తారు కదా, కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది అంత తేలిగ్గా తేలదు. గుంపు పెరిగితే చాలు, దారి వేయనక్కర్లేదని వాదించే అధికారులకు ఈ పత్రం పనికొచ్చే సాక్ష్యం కాదు.

దారి ఎంచుకోవడంలోనూ దూరం కంటే కూడళ్లనే లెక్కపెట్టాలి. స్టేషన్ నుంచి ఆఫీసుకు పెద్ద రోడ్డు మీద 3 కిలోమీటర్లు, పద్నాలుగు సిగ్నళ్లు అనుకుందాం. వెనక వీధుల్లోంచి 4 కిలోమీటర్లు, నాలుగు సిగ్నళ్లు. మ్యాప్ మొదటిదే దగ్గర అంటుంది. కానీ అన్నిటి దగ్గరా ఆగాల్సి వస్తే, ఆ పది అదనపు స్టాపులకు తలా 90 మీటర్లు కలపండి, కాళ్లకు రెండూ ఒకటే దూరం. ఆగిన ప్రతిసారీ అర నిమిషం పోతుందనుకుంటే ఐదు నిమిషాలు మిగులుతాయి, అదనపు కిలోమీటరుకు పట్టేది నాలుగు. లారీల పక్కన ఊపిరి బిగబట్టే సందర్భాలు పది తగ్గడం పైలాభం. ఆ దారిని సెలవు రోజు పొద్దున ఒకసారి తొక్కి చూస్తే మలుపులు గుర్తుంటాయి. లారీలు ఏ మూల తిరుగుతాయో తెలియాలంటే మాత్రం పనిరోజు తొమ్మిది గంటలకే వెళ్లి చూడాలి.